బంతి ఎవరిది?

పిల్లలూ! మొన్న సంక్రాంతి సెలవులకు మా మనవడు విశాఖపట్నం నుంచి బుచ్చయ్యపేట వచ్చాడు. వచ్చిన రెండోనాడే అటక ఎక్కి, పాత సామానంతా తిరగవేసి, ఒక తోలు బంతి పట్టుకుని దిగాడు. ఆ బంతి తోలు ఎండి నెర్రెలు విచ్చింది. దాని నోటికి బిగించిన తాడు తెగిపోయింది. లోపల గాలి అన్నదే లేదు.

"తాతా, ఇది దేనికీ పనికిరాదు. పారేయనా?" అన్నాడు వాడు.

"వద్దురా. ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టు," అన్నాను నేను.

"దీనితో కప్పు గెలిచావా ఏమిటి?"

"లేదు. ఒక ఆట ఓడాం. నా మూలంగానే ఓడాం."

వాడు నా ముఖం కేసి వింతగా చూశాడు. గెలిచిన ఆటకు గుర్తుగా ఎవరైనా బంతి దాచుకుంటారు. ఓడిన ఆటకు గుర్తుగా దాచుకుంటారా? ఆ సాయంత్రం వాడికి చెప్పిన సంగతే మీకూ చెబుతాను. ఇందులో నా కథ కొంత, హైదరాబాదు పోలీసు జట్టు కథ కొంత ఉన్నాయి. రెండూ కలిపి వింటేగాని ఆ బంతి సంగతి బోధపడదు.

అది 1962వ సంవత్సరం. నాకప్పుడు పదకొండేళ్ళు. మా ఊరు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలాగే మాదీ చెరకు పండే ఊరు. చలికాలం వచ్చిందంటే గానుగలు తిరిగేవి. ఊరంతా బెల్లపు పాకం వాసన వేసేది. మా ఆటలన్నీ చెడుగుడు, కర్రాబిళ్ళ, కోతికొమ్మచ్చి. ఫుట్‌బాలు ఆటను పుస్తకంలో బొమ్మగా చూడటమేగాని, మాలో ఒక్కడూ అసలు బంతిని తాకి ఎరగడు.

ఆ సెప్టెంబరులో ఒకనాడు పంచాయితీ రేడియోలో ఒక వార్త వచ్చింది. ఇండోనేషియా దేశంలోని జకార్తా నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. సెప్టెంబరు 4వ తేదీన ఫుట్‌బాలు చివరి ఆటలో మన దేశం దక్షిణ కొరియాను 2–1 గోళ్ళతో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఒక గోలు పి. కె. బెనర్జీ కొట్టాడు, ఇంకొకటి జర్నైల్ సింగ్ కొట్టాడు. జర్నైల్ సింగుకు అంతకు ముందు జరిగిన ఒక ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. అయినా అతను దిగి ఆడాడు, గోలు కూడా కొట్టాడు!

మర్నాటి నుంచి మా బడి పిల్లలకు ఫుట్‌బాలు పిచ్చి పట్టింది. గుడ్డపీలికలు చుట్టి, పైన కొబ్బరితాడు బిగించి బంతి చేశాం. రెండు తన్నులకే అది విడిపోయేది. నేను మా నాన్న వెంటపడి సతాయించాను. ఆ ఏడు తొలి బెల్లం అమ్మటానికి నాన్న అనకాపల్లి బండి కట్టుకుని వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు నిజమైన తోలు బంతి తెచ్చాడు. ఆనాడు నేను బంతిని పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

బంతి వచ్చింది సరే, దానితోపాటు నాకు అధికారం కూడా వచ్చింది. ఎవరు ఏ జట్టులో ఉండాలో నేనే చెప్పేవాణ్ణి. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో నా ఇష్టం. బంతి నా కాలికి దొరికిందంటే ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కాను. నలుగురిని తప్పించుకుంటూ పోయి, అయిదోవాడికి దొరికిపోయేవాణ్ణి. ఎవడైనా ఎదురు చెబితే, "బంతి నాది. ఇష్టమైతే ఆడు, లేకపోతే ఇంటికి పో," అనేవాణ్ణి.

మా జట్టులో ఒక కుర్రాడుండేవాడు. వాళ్ళ నాన్న ఊరివాళ్ళ చెరకు ఆడే గానుగ దగ్గర పని చేసేవాడు. అందుకని అందరం వాణ్ణి గానుగింటివాడు అనేవాళ్ళం. తెల్లవారుజామున గానుగ ఎద్దుల వెనక తిరిగి, ఆ తరువాత బడికి వచ్చేవాడు. వాడు అన్ని పనులూ ఎడమచేత్తో చేసేవాడు. బంతి కూడా ఎడమకాలితోనే తన్నేవాడు. బాణం లాగా పరుగెత్తేవాడు. వాడికి బంతి దొరికితే నా గొప్ప ఎక్కడ తగ్గిపోతుందోనని నేను వాణ్ణి గోలు కాయమన్నాను. వాడేమీ అనలేదు. వెళ్ళి రెండు రాళ్ళ మధ్య నిలబడ్డాడు.

సంక్రాంతి వచ్చింది. మా అమ్మ తమ్ముడు ఒకడు హైదరాబాదులో పోలీసు కొలువు చేస్తున్నాడు. ఆ మావయ్య పండక్కి మా ఊరు వచ్చాడు. భోగినాటి సాయంకాలం మేము చెరువు గట్టు కింద ఖాళీ మళ్ళలో ఆడుతుంటే, ఆయన గట్టు మీద కూచుని చాలాసేపు చూశాడు. ఆట అయిపోయాక నన్ను పిలిచాడు.

"ఏరా అల్లుడూ, ఈ బంతి ఎవరిది?"

"నాదే, మావయ్యా!" అన్నాను గర్వంగా.

"బంతి నీది. మరి ఆట ఎవరిది?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. మావయ్య నవ్వి, "రాత్రి భోజనాలయ్యాక అందరూ గానుగ దగ్గరికి రండి. మీకో సంగతి చెబుతాను," అన్నాడు.

ఆ రాత్రి గానుగింటివాడి నాన్న పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు. పెద్ద పెనంలో రసం తెర్లుతున్నది. మేము పది మందిమీ మంట చుట్టూ కూచున్నాం. మావయ్య చెప్పటం మొదలుపెట్టాడు.

"హైదరాబాదు నగర పోలీసులకు ఒక ఫుట్‌బాలు జట్టు ఉన్నది. జకార్తాలో గెలిచిన మన జట్టుకు శిక్షణ యిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడే, ఆయనే పోలీసు జట్టుకూ గురువు. ఆయన పోలీసు కాదు, బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బళ్ళలో పాఠాలు చెప్పాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నాడు. అందరూ ఆయన్ని రహీం సాబు అంటారు."

"ఏం గెలిచారు, మావయ్యా?" అని నేను అడిగాను.

"బొంబాయిలో రోవర్స్ కప్పు అని ఒకటి ఉన్నది. 1891లో మొదలైంది. మొదట్లో అంతా తెల్లవాళ్ళ పటాలాలే గెలుచుకునేవి. ఆ కప్పును మన పోలీసులు 1950లో గెలిచారు. 1951లో గెలిచారు. 1952లో, 1953లో, 1954లో కూడా గెలిచారు. వరసగా అయిదేళ్ళు! దానికంటే పాతది డ్యూరాండు కప్పు. అది 1888లో సిమ్లాలో మొదలైంది. స్వతంత్రం వచ్చాక మొదటిసారి 1950లో ఢిల్లీలో జరిగింది. చివరి ఆట కలకత్తా మోహన్ బగాన్ జట్టుతో. మొదటినాడు ఎవరూ గెలవలేదు. మళ్ళీ ఆడితే మనవాళ్ళు ఒక్క గోలుతో గెలిచారు. 1954లోనూ, 1957లోనూ మళ్ళీ రెండు కప్పులూ మన పోలీసులకే వచ్చాయి. మొన్న 1961లో ఆంధ్రా పోలీసు అనే పేరుతో డ్యూరాండు మళ్ళీ గెలిచారు. అప్పుడూ ఓడింది మోహన్ బగానే."

పిల్లలూ, ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను పెద్దయ్యాక లెక్కల మాష్టారినయ్యాను. అప్పుడు ఈ అయిదు కప్పుల మాట గుర్తు వచ్చి ఒక లెక్క వేశాను. కప్పు పోటీలో ఒక్కసారి ఓడితే ఇంటిదారి పట్టవలసిందే. ఒక కప్పు గెలవటానికి అయిదు ఆటలు వరసగా గెలవాలనుకుందాం. రెండు జట్లూ సమానమైనవైతే, ప్రతి ఆటా నాణెం ఎగరవేసినట్టే ఉంటుంది. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి. అయిదుసార్లూ బొమ్మే పడటం 32 సార్లలో ఒక్కసారి జరుగుతుంది. మరి అలాటి కప్పులు అయిదు వరసగా రావాలంటే? 32ను 32తో అయిదు చోట్ల వేసి హెచ్చించండి. 3,35,54,432 వస్తుంది. అంటే మూడు కోట్లకు పైగా ప్రయత్నాలలో ఒక్కసారి! అంత అదృష్టం ఎవరికీ ఉండదు. కనక వాళ్ళది అదృష్టం కాదని తేలిపోయింది. వాళ్ళ దగ్గర ఇంకేదో ఉన్నది.

ఆ ఇంకేదో ఏమిటో మావయ్య ఆ రాత్రే చెప్పాడు.

"వాళ్ళేమీ ఆటతో బతికేవాళ్ళు కారురా. పోలీసు కొలువువాళ్ళు. ఒంటి బలంలో వాళ్ళను మించినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయితే రహీం సాబు వాళ్ళకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, బంతిని దగ్గర ఉంచుకోవద్దు, వెంటనే పక్కవాడికి అందించాలి. దీనికోసం ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టాడు. ఆ పోటీల్లో ఎవడూ బంతిని కాలితో తిప్పుకుంటూ పోరాదు. రెండోది, చేతగాని కాలికి పని చెప్పటం. కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలివాడు కుడికాలితోనే తన్నాలి. దానికీ వేరే పోటీలు పెట్టాడు. మనిషికి ఉన్న బలం ఎలాగూ ఉంటుంది, లేనిదాన్ని తెచ్చుకోవాలని ఆయన పద్ధతి."

గానుగింటివాడు అంతవరకూ మాట్లాడలేదు. ఇప్పుడు మెల్లిగా, "బూట్లు లేనోళ్ళు కూడా ఆడొచ్చా, బాబూ?" అని అడిగాడు.

"ఎందుకు ఆడకూడదురా? 1948లో లండను ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతోనే ఆడి, ఫ్రాన్సు మీద ఒక్క గోలు తేడాతో ఓడారు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఒక పేద కుర్రాడుండేవాడు. రోజూ హైదరాబాదు వచ్చి ఆడిపోవటానికి వాడి దగ్గర డబ్బు లేదు. రహీం సాబు వాడికి సైకిలు ఏర్పాటు చేశాడు. ఆ బలరామే జకార్తాలో ఆడి, బంగారు పతకం తెచ్చాడు!"

మంట వెలుగులో గానుగింటివాడి కళ్ళు మెరిశాయి.

మర్నాడు సంక్రాంతి. పొద్దున్నే మావయ్య మమ్మల్ని చెరువు గట్టు కిందికి తీసుకుపోయి ఆట పెట్టాడు. "ఒకసారి తన్నగానే బంతి ఇంకొకరికి పోవాలి. రెండోసారి తాకినవాడు బయటికి వెళ్ళి పదిదాకా లెక్కపెట్టాలి," అన్నాడు. మొదటి పావుగంటలో అందరికంటే ఎక్కువసార్లు బయటికి పోయినవాణ్ణి నేనే. నా కాలు బంతిని వదిలేది కాదు. తరువాత ఎడమకాలి ఆట పెట్టాడు. నేను బంతిని తన్నబోయి గాలిని తన్ని, వెల్లకిలా పడ్డాను. అందరూ నవ్వారు. గానుగింటివాణ్ణి మాత్రం కుడికాలితో ఆడమన్నాడు. వాడూ పడ్డాడు. అయితే వాడు పడి నవ్వాడు, నేను పడి ఏడ్చాను.

"ఎందుకు మావయ్యా, ఇంత అవస్థ?" అని అడిగాను.

మావయ్య నన్ను కట్ట మీది తాటిచెట్టు దాకా పరుగెత్తమన్నాడు. అదే సమయానికి తాను బంతిని తాటిచెట్టు కేసి తన్నాడు. నేను సగం దూరం పోకముందే బంతి వెళ్ళి చెట్టుకు కొట్టుకున్నది. "చూశావా? నువ్వు ఎంత పరుగెత్తినా బంతిని గెలవలేవు. అందుకే బంతిని పరుగెత్తనివ్వాలి," అన్నాడు.

ఇది శాస్త్రం ఒప్పుకున్న మాటే. బడి పిల్లవాడు గట్టిగా పరుగెత్తితే సెకనుకు 5, 6 మీటర్లు పోతాడు. గట్టిగా తన్నిన బంతి సెకనుకు 20 మీటర్లు కూడా పోగలదు. బంతికి ఆయాసం రాదు. ఎడమకాలి మాట కూడా అంతే. మన మెదడులో కుడి సగం శరీరపు ఎడమ భాగాన్ని, ఎడమ సగం కుడి భాగాన్ని నడిపిస్తాయి. ఒకే కాలితో పని చేస్తుంటే ఆ కాలికి సంబంధించిన దారులే మెదడులో బాగా అరుగుతాయి. రెండో కాలికి పని చెప్పిన కొద్దీ దాని దారులు కూడా ఏర్పడతాయి. చేతగానితనం పుట్టుకతో వచ్చి చచ్చిందాకా ఉండేది కాదు. అది అలవాటు లేకపోవటం మాత్రమే.

కనుమ దాటిన మర్నాడు వడ్డాది కుర్రాళ్ళతో మాకు పోటీ. అదే మా మొదటి అసలు ఆట. రెండు ఊళ్ళవాళ్ళూ చూడటానికి వచ్చారు. మావయ్య చెప్పి, గానుగింటివాణ్ణి రాళ్ళ మధ్య నుంచి తప్పించి ఎడమవైపు ముందుకు పంపాడు. మొదట మేము చెప్పినట్టే ఆడాం. బంతి ఒకరి నుంచి ఒకరికి చకచకా పోయింది. మేము ఒక గోలు కొట్టాం. తరువాత వాళ్ళు ఒకటి కొట్టారు. ఇక పొద్దు గుంకబోతున్నది. ఇంకొక గోలు ఎవరు కొడితే వాళ్ళదే గెలుపు అన్నారు పెద్దలు.

అప్పుడు బంతి నా కాలికి వచ్చింది. ఎదురుగా ముగ్గురున్నారు. ఎడమవైపు గానుగింటివాడు ఒంటరిగా ఉన్నాడు. వాడి ముందు రెండు రాళ్ళు, ఒక గోలీ తప్ప ఎవరూ లేరు. వాడు చెయ్యెత్తాడు. నేను చూశాను. నిజం చెబుతున్నాను పిల్లలూ, నేను చూశాను. చూసి కూడా, "బంతి నాది, గోలూ నాదే కావాలి," అనుకున్నాను. మొదటివాణ్ణి తప్పించాను. రెండోవాణ్ణి తప్పించాను. మూడోవాడు నా కాళ్ళ దగ్గర నుంచి బంతి లాక్కుపోయి, మావాళ్ళు తిరిగి చూసేలోగా గోలు కొట్టేశాడు.

వడ్డాదివాళ్ళు కేకలు వేస్తూ ఎగిరారు. మావాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గానుగింటివాడు మళ్ళలో పడిఉన్న బంతిని తీసుకువచ్చి, దుమ్ము తుడిచి నా చేతికిచ్చి, "ఇదిగో, నీ బంతి," అన్నాడు. అంతే. గానుగ పనికి పొద్దుపోయిందని పరుగెత్తి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అరుగు మీద కూచుంటే మావయ్య వచ్చి పక్కన కూచున్నాడు. ఓటమి మాట ఎత్తలేదు. ఇంకో మాట చెప్పాడు.

"1952లో హెల్సింకీ అనే ఊళ్ళో ఒలింపిక్సు జరిగాయి. రహీం సాబు మన దేశపు జట్టును తీసుకువెళ్ళాడు. యుగొస్లావియా మన మీద ఎన్ని గోళ్ళు కొట్టిందో తెలుసా? పది. మనం ఒక్కటి. అక్కడి చలిలో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆయన ఇంటికి వచ్చి తల పట్టుకుని కూచోలేదు. ఎక్కడ తప్పు జరిగిందో చూసుకున్నాడు. జట్టుకు బూట్లు వచ్చాయి, కొత్త పద్ధతులు వచ్చాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియా వాళ్ళను వాళ్ళ గడ్డ మీదే 4–2తో ఓడించి, నాలుగో స్థానానికి వచ్చారు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో అంతవరకూ ఏ ఆసియా దేశమూ సెమీ ఫైనలు చేరలేదు. ఆ జట్టులో మన హైదరాబాదువాళ్ళు ఎంతమందో! ఓడిపోవటం తప్పు కాదురా అల్లుడూ. ఎందుకు ఓడామో తెలిసి కూడా చెప్పుకోకపోవటం తప్పు."

నేను లేచి బంతి తీసుకుని గానుగ దగ్గరికి పోయాను. గానుగింటివాడు ఎద్దులు తోలుతున్నాడు. నేనూ వాడి వెంట గానుగ చుట్టూ నడిచాను. నాలుగు చుట్లు తిరిగినా నోట మాట రాలేదు. అయిదో చుట్టులో, "నువ్వు చెయ్యెత్తటం నేను చూశానురా," అన్నాను.

"నాకు తెలుసు," అన్నాడు వాడు.

"ఇక నుంచి ఈ బంతి మీ ఇంట్లోనే ఉంటుంది. నువ్వు తెస్తేనే ఆట."

వాడు చాలాసేపు నమ్మలేదు. తరువాత బంతి తీసుకుని, పాకలో దూలానికి ఉట్టి కట్టి అందులో పెట్టాడు.

మావయ్య సెలవు అయిపోయి వెళ్ళాడు. మేము మాత్రం ప్రతి ఆదివారమూ ఒక పూట ఒంటి తన్ను ఆట, ఒక పూట చేతగాని కాలి ఆట ఆడాం. వేసవిలో వడ్డాదివాళ్ళతో మళ్ళీ పోటీ పెట్టుకున్నాం. ఈసారి బంతి నాకు అందగానే నేను ఎడమవైపు చూశాను. గానుగింటివాడు అక్కడే ఉన్నాడు. బంతిని నా ఎడమకాలితో వాడికి పంపాను. వాడు దాన్ని కుడికాలితో గోలు కొట్టాడు! ఆ ఆట 2–2తో సమానంగా ముగిసింది. మేము గెలవలేదు. అయినా ఆ సాయంత్రం మా జట్టు పదకొండు మందీ కలిసి కేకలు వేసుకుంటూ ఇంటికి వచ్చారు.

బడి తెరిచిన రోజుల్లో మావయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. 1963 జూన్ 11వ తేదీన రహీం సాబు చనిపోయాడని రాశాడు. ఆయనకు క్యాన్సరు. జకార్తాలో జట్టు చేత బంగారు పతకం గెలిపించేనాటికే ఆ జబ్బు ఆయన్ని లోపల తినేస్తున్నది. నిండా ఏభై నాలుగేళ్ళు కూడా లేవు. మేము ఆ కార్డు చదువుకుని, ఆ సాయంత్రం ఆయన పేరు చెప్పి ఒంటి తన్ను ఆట ఆడాం. ఆయన్ని మాలో ఎవరమూ ఎన్నడూ చూడలేదు. అయినా ఆ సాయంత్రం ఎవరూ రెండోసారి బంతి తాకలేదు.

తరువాత రోజులు మారాయి. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశానికి మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970లో కంచు పతకం వచ్చింది. పోలీసు జట్టు వైభవం కూడా క్రమంగా తగ్గింది. 2001 తరువాత రోవర్స్ కప్పు పోటీయే ఆగిపోయింది. 2024లో రహీం సాబు మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చాక చాలామందికి ఆయన పేరు తెలిసింది.

నేను మాష్టారినయ్యాక ఇంగ్లండులోని బిషప్ ఆక్లండు అనే చిన్న ఊరి జట్టు గురించి చదివాను. అది బొగ్గు గనుల ప్రాంతం. వాళ్ళు కూడా ఆటకు జీతం పుచ్చుకునేవాళ్ళు కారు. అటువంటి జట్ల కోసం ఉన్న కప్పును వాళ్ళు మొత్తం పదిసార్లు గెలిచారు. అందులో 1955, 1956, 1957 సంవత్సరాలలో వరసగా మూడుసార్లు గెలిచారు. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ నగరంలో విమానం కూలి, మాంచెస్టర్ యునైటెడ్ అనే పెద్ద జట్టు ఆటగాళ్ళు చాలామంది చనిపోయారు. అప్పుడు ఆ పెద్ద జట్టుకు సాయంగా బిషప్ ఆక్లండు ముగ్గురు ఆటగాళ్ళను పంపింది. వారిలో వారెన్ బ్రాడ్లీ అనే ఆయన బడిపంతులు. మరుసటి సంవత్సరం ఆయన ఇంగ్లండు దేశపు జట్టులో కూడా ఆడాడు. ఇది చదివినప్పుడు నాకు మా గానుగ దగ్గర మంటా, మావయ్యా గుర్తు వచ్చారు. హైదరాబాదైనా, ఇంగ్లండైనా, కప్పు తెచ్చే గుణం ఒకటే. తన దగ్గర ఉన్నది పక్కవాడికి అందించటం.

మరి బంతి మా అటక మీదికి ఎలా వచ్చిందంటారా? అది గానుగింట్లోనే ఉండిపోయింది. మేము పెద్దవాళ్ళమయ్యాం. వాడు తండ్రి తరువాత గానుగ పని చేశాడు. నేను ఊరూరా ఉద్యోగం చేసి, చివరికి బుచ్చయ్యపేట తిరిగి వచ్చాను. కొన్నేళ్ళ కిందట వాడు కాలం చేశాడు. దినవారాలు అయ్యాక వాడి కొడుకు ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో ఈ బంతి ఉన్నది.

"ఇది మీది అట, మాష్టారూ. మీకు అందించమని మా నాన్న చెప్పాడు," అన్నాడు ఆ కుర్రాడు.

నేను బంతిని ఎప్పుడో ఇచ్చేశాననుకున్నాను. వాడు మాత్రం అరవై ఏళ్ళ దాకా దాచి, వెళ్ళేముందు మళ్ళీ నాకే పాసు ఇచ్చాడు.

ఇదంతా విని మా మనవడు మాట్లాడకుండా లేచి, బంతిని మళ్ళీ అటక మీద పెట్టి వచ్చాడు. తరువాత విశాఖపట్నం నుంచి తెచ్చుకున్న తన కొత్త బంతి తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. అరుగు మీద నుంచి నేను చూస్తున్నాను. వీధి చివర గానుగింటివాడి మనవలిద్దరు నిలబడి ఉన్నారు. మావాడు బంతిని ఎడమకాలితో వాళ్ళ కేసి తన్నాడు. అది వంకరగా పోయి కాలవలో పడింది. ముగ్గురూ నవ్వుతూ దాని వెంట పరుగెత్తారు.